జీతం లేని చోట నాయకుడి ఎన్నిక: డెబియన్ నుంచి మనం నేర్చుకోవలసినవి

పాలిటీలో ఎన్నికల పాఠం చదివేటప్పుడు మనం ఒక విషయాన్ని ముందే ఒప్పేసుకుంటాం. గెలిచినవారి చేతిలో అధికారం ఉంటుంది, ఓడినవారు అదే దేశంలో, అదే చట్టం కింద కొనసాగుతారు. మరి ఓడినవారు మర్నాడే లేచి వెళ్లిపోగలిగితే? పైగా ఉమ్మడి ఆస్తి మొత్తాన్ని కాపీ చేసుకుని వెళ్లే హక్కు కూడా వారికి ఉంటే? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సముదాయాల పరిస్థితి ఇదే. అక్కడ పనిచేసేవారిలో ఎక్కువమంది స్వచ్ఛంద సేవకులు. నాయకుడు ఎవరి జీతమూ ఆపలేడు, ఎవరినీ బదిలీ చేయలేడు. అలాంటి చోట నాయకుణ్ణి ఎలా ఎన్నుకోవాలి?

డెబియన్ చరిత్ర

డెబియన్‌ను 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ ప్రారంభించారు. మొదట్లో స్థాపకుడే నాయకుడు. 1996లో ఆ బాధ్యత బ్రూస్ పెరెన్స్‌కు, 1998లో ఇయాన్ జాక్సన్‌కు వెళ్లింది. సభ్యులు పెరిగేకొద్దీ ఒకరి మాట మీద నడవడం కష్టమైంది. 1998 డిసెంబరులో డెబియన్ ఒక రాజ్యాంగాన్ని ఆమోదించింది. దాని ప్రకారం 1999లో ఎన్నికైన నాయకుడు విఖెర్ట్ అకర్మన్. అప్పటినుంచి ఏటా ఎన్నిక జరుగుతోంది.

ఆ రాజ్యాంగంలో మన పరీక్షకు పనికొచ్చే అంశాలు ఇవి:

1. పదవీకాలం ఒక ఏడాది. నామినేషన్లకు ఒక వారం, ప్రచారానికి మూడు వారాలు, పోలింగుకు రెండు వారాలు.
2. నాయకుడి అధికారాలు పరిమితం. ప్రత్యేక పనులకు ప్రతినిధులను నియమించవచ్చు, నిధుల వినియోగంపై నిర్ణయించవచ్చు. సభ్యులు సాధారణ తీర్మానంతో ఆయన నిర్ణయాన్ని మార్చవచ్చు, ఆయన్నే తొలగించవచ్చు. 2006లో ఆంథొనీ టౌన్స్‌ను తొలగించాలన్న తీర్మానం ఓటింగుకు వచ్చి వీగిపోయింది.
3. కోరం సభ్యుల సంఖ్య వర్గమూలంలో సగానికి మూడు రెట్లు. వెయ్యి మంది సభ్యులుంటే సుమారు 47. సభ్యులు నాలుగు రెట్లు పెరిగినా కోరం రెండు రెట్లే పెరుగుతుంది. స్వచ్ఛంద సంస్థలో అందరూ ఓటు వేయరన్న వాస్తవాన్ని ముందే లెక్కలోకి తీసుకున్నారన్నమాట.
4. ఓటు రహస్యం. కానీ తనకు వచ్చిన సంకేతం సాయంతో, ప్రకటించిన పట్టికలో తన ఓటు సరిగ్గా నమోదైందో లేదో ఓటరు సరిచూసుకోవచ్చు. రహస్యం, పారదర్శకత ఒకేచోట సాధ్యమేనని దీన్నిబట్టి తెలుస్తుంది. తెలుగు వికీపీడియాలో నిర్వాహకుల ఎంపిక ఇందుకు భిన్నం. అక్కడ సభ్యులు పేరు పెట్టి బహిరంగంగానే మద్దతో వ్యతిరేకమో రాస్తారు.

ఓట్లు అవే, విజేతలు ముగ్గురు

డెబియన్ ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇస్తాడు. ఇంతవరకు మన రాష్ట్రపతి ఎన్నికలాగానే ఉంటుంది. తేడా లెక్కింపులో ఉంది.

మన 55వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి ఎన్నిక ఒకే బదిలీ ఓటు పద్ధతిలో జరుగుతుంది. దీనికి అందరూ ఇచ్చే ఉదాహరణ 1969. బరిలో ప్రధాన ప్రత్యర్థులిద్దరూ తెలుగువారే: వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి. గెలుపుకు కావలసిన కోటా 4,18,169. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఎవరూ కోటా దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 అయ్యాయి.

ఆ గిరి స్వయంగా కార్మిక సంఘాల నుంచి వచ్చిన నాయకుడు. ఈరోజు హౌరా నుంచి ఖరగ్‌పూర్ లోకల్ ఎక్కితే మొదట వచ్చే టికియాపారా స్టేషన్ ఒకప్పటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లైను మీదే ఉంది. ఆ రైల్వే కార్మికులను కూడగట్టి 1928 సమ్మెను నడిపినవారిలో గిరి ముఖ్యులు. సంఘ నాయకుడికి పోలీసూ ఉండదు, ఖజానా కూడా ఉండదు. సభ్యులు నమ్మితేనే సమ్మె నిలబడుతుంది. డెబియన్ నాయకుడి స్థితి కూడా సరిగ్గా అంతే.

ఇప్పుడు లెక్కింపులోని తేడా చూద్దాం. వంద మంది ఓటర్లు, క, ఖ, గ అనే ముగ్గురు అభ్యర్థులు ఉన్నారనుకోండి. 40 మంది వరుస క, గ, ఖ. 35 మంది వరుస ఖ, గ, క. మిగిలిన 25 మంది వరుస గ, ఖ, క.

మన లోక్‌సభ పద్ధతిలో 40 ఓట్లతో క గెలుస్తాడు. బదిలీ ఓటు పద్ధతిలో గ ముందే తప్పుకుంటాడు, అతని 25 ఓట్లు ఖకు చేరి, 60 ఓట్లతో ఖ గెలుస్తాడు. ఇక ఇద్దరిద్దరిని పోల్చి చూస్తే, గ 60-40తో కను, 65-35తో ఖను ఓడిస్తాడు. ఓట్లు అవే, విజేతలు మాత్రం ముగ్గురు!

ఈ మూడో పద్ధతికి 1785లో రాసిన ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త కాండోర్సె పేరు పెట్టారు. డెబియన్ వాడేది ఈ కోవకు చెందిన లెక్కింపే. కారణం ఊహించవచ్చు. 40 మంది వీరాభిమానం, 60 మంది వ్యతిరేకత ఉన్న నాయకుడు దేశానికి ప్రధాని కాగలడేమో గానీ, స్వచ్ఛంద సముదాయాన్ని నిలబెట్టలేడు. ఆ 60 మందికీ బయటికి దారి తెరిచే ఉంది. సిస్టమ్‌డి అనే సాఫ్ట్‌వేర్‌పై వివాదం ముదిరినప్పుడు 2014 నవంబరులో కొందరు విడిపోయి డెవువాన్ పేరుతో వేరుకుంపటి పెట్టుకున్నారు. ఈ చీలికనే ఫోర్క్ అంటారు.

అయితే దీని మీద న్యాయమైన విమర్శ కూడా ఉంది. అందరికీ రెండో ఇష్టమైనవాడు ఎవరినీ నొప్పించడు సరే, కఠిన నిర్ణయం తీసుకోగలడా? అందుకే వ్యక్తి కన్నా నియమాలు బలంగా ఉండాలి.

'పైవారెవరూ కాదు'కు విలువ

మన నోటా 2013 సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. కానీ లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో నోటాకు ఎన్ని ఓట్లు వచ్చినా ఫలితం మారదు. ఒక్కరే బరిలో ఉంటే అసలు పోలింగే లేదు, 2024లో సూరత్‌లో జరిగింది అదే. డెబియన్‌లో ఆ ఐచ్ఛికం గెలిస్తే ఎన్నిక మళ్లీ జరుగుతుంది. 2023లో జొనాథన్ కార్టర్ ఒక్కరే నిలబడినా ఓటింగు జరిగింది. హర్యానా, మహారాష్ట్ర ఎన్నికల సంఘాలు 2018లో స్థానిక ఎన్నికలకు ఇలాంటి నియమమే తెచ్చాయి.

అసలు సమస్య: ఎవరూ ముందుకు రాకపోవడం

2019లో డెబియన్ నామినేషన్ల గడువు ముగిసేసరికి ఒక్క అభ్యర్థి కూడా లేరు. రాజ్యాంగం ప్రకారం వారం పొడిగించారు. అప్పుడు పోటీ ఏర్పడి శామ్ హార్ట్‌మన్ గెలిచారు. మరోవైపు మన కేరళకు చెందిన శ్రుతి చంద్రన్ 2020, 2021, 2024 ఎన్నికల్లో నిలబడ్డారు. గెలవకపోయినా సముదాయంలోనే కొనసాగారు. ఆ ఎన్నికల విధానం నిలవడానికి ఇలాంటి ఓటమి కూడా అవసరమే.

పైథాన్ భాషది ఇంకో దారి. స్థాపకుడు గైడో వాన్ రోసమ్ 2018 జూలైలో నాయకత్వం వదిలేశారు. ఒక మార్పుపై జరిగిన తీవ్ర వాదోపవాదాలతో అలసిపోయానన్నారు. వారసుణ్ణి మాత్రం ప్రకటించలేదు. సభ్యులు చర్చించి, ఓటు వేసి ఐదుగురి మండలిని ఎంచుకున్నారు. అందులో ఒకే కంపెనీ ఉద్యోగులు ఇద్దరికి మించకూడదన్నది నియమం.

ఈ రకమైన జాగ్రత్త మన చరిత్రకు కొత్త కాదు. మొదటి పరాంతక చోళుని కాలపు ఉత్తరమేరూరు శాసనాలు (919, 921) చూడండి. 30 వార్డులు, కుండలో వేసిన తాటాకు చీటీలు, ఏడాది పదవి. గత మూడేళ్లలో పనిచేసినవారు అనర్హులు. లెక్కలు చెప్పనివారు, వారి బంధువులు కూడా అనర్హులే. భూమి, వయసు, వేదజ్ఞానం షరతుల వల్ల అది అందరి ప్రజాస్వామ్యం కాదు. కానీ అధికారం ఒకచోట పేరుకోకూడదన్న ఆలోచన మాత్రం స్పష్టంగా ఉంది.

ముగింపు

గెలిచేవాణ్ణి తేల్చడం ఎన్నికలో సగం పని మాత్రమే. ఓడినవాడు మర్నాడు వచ్చి పనిలో కూర్చునేలా చేయడం మిగతా సగం. దేశంలో ఆ రెండో సగాన్ని చట్టం మోస్తుంది. సహకార సంఘం, స్వయం సహాయక బృందం, సాఫ్ట్‌వేర్ సముదాయం లాంటి చోట్ల దాన్ని నియమాల మీద నమ్మకమే మోయాలి.

సాధన ప్రశ్న: "నాయకుణ్ణి ఎన్నుకునే పద్ధతి, ఎన్నికైన నాయకుడంత ముఖ్యం." 1969 రాష్ట్రపతి ఎన్నిక, ఉత్తరమేరూరు శాసనాల ఆధారంగా 250 పదాల్లో చర్చించండి.