పావగడ నుంచి బస్తర్ దాకా

2005 ఫిబ్రవరిలో పావగడ తాలూకా వెంకటమ్మనహళ్ళిలో పోలీసు క్యాంపుపై నక్సలైట్లు దాడి చేశారు. మన కెంచార్లహళ్ళి లాగే అక్కడా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఈ కథ ఎక్కడ మొదలైందో తెలియాలంటే జర్నలిస్టు రాహుల్ పండిత అడవుల్లో తిరిగి రాసిన ‘హలో బస్తర్’ (2011) చదవాలి.

1980లో కొండపల్లి సీతారామయ్య పీపుల్స్ వార్ పెట్టారు. ఆ ఏడే తెలుగు కుర్రాళ్ళు దళాలు కట్టి గోదావరి దాటారు. 2005లో సల్వా జుడుం వచ్చాక ఆదివాసులే రెండు పక్షాలయ్యారు. ఊళ్ళు ఖాళీ అయ్యాయి, ఎందరో ఖమ్మం వైపు వలస వచ్చారు. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి స్పెషల్ పోలీసులను చేయడం చెల్లదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది.

చదివేటప్పుడు ఎవరు గెలిచారని కాదు, రెండు తుపాకుల నడుమ ఊరేమైందో చూడండి. అది మన భాష కూడా మోయాల్సిన లెక్క.