జిమీ హెండ్రిక్స్ బాక్స్ సెట్లు.. గిటారిస్ట్ పోయి 50 ఏళ్లు దాటినా ఫ్యాన్స్ ఎదురుచూపులు ఎందుకు? ఆ టేపుల్లో ఇంకా ఏముంది?

రాక్ గిటార్ అనగానే ప్రపంచమంతా ముందుగా తలుచుకునే పేరు.. జిమీ హెండ్రిక్స్. అమెరికాలోని సియాటెల్‌లో 1942 నవంబర్ 27న పుట్టిన ఈ ఎడమచేతి వాటం గిటారిస్ట్ 1970 సెప్టెంబర్ 18న లండన్‌లో కన్నుమూశారు. అప్పటికి వయసు 27 ఏళ్లే. కంపైలేషన్‌లు పక్కన పెడితే బతికుండగా ఆయన విడుదల చేసిన స్టూడియో ఆల్బమ్‌లు మూడంటే మూడు. ఆర్ యు ఎక్స్‌పీరియెన్స్‌డ్, ఆక్సిస్: బోల్డ్ ఆజ్ లవ్ 1967లో, ఎలక్ట్రిక్ లేడీల్యాండ్ 1968లో వచ్చాయి. 1970లో వచ్చిన లైవ్ రికార్డు బ్యాండ్ ఆఫ్ జిప్సీస్ కలిపితే నాలుగు. చనిపోయాక ఆయన పేరుతో వచ్చినవి దీనికి ఎన్నో రెట్లు. అయినా సరే.. ఆర్కైవ్ నుంచి కొత్త బాక్స్ సెట్ వస్తోందంటే చాలు, ఫ్యాన్స్ ట్రాక్ లిస్ట్ ముందేసుకుని కూర్చుంటారు. మరి వాళ్లు అందులో వెతికేదేంటి? ఓసారి చూద్దాం.

అసలు బాక్స్ సెట్ అంటే..

నాలుగైదు సీడీలు లేదా ఎల్పీ రికార్డులు, ఫొటోలతో ఓ పుస్తకం, కొన్నిసార్లు డాక్యుమెంటరీ ఉన్న బ్లూ-రే డిస్క్.. అన్నీ కలిపి ఒకే పెట్టెలో అమ్మేదే బాక్స్ సెట్. ఇప్పుడు చాలావరకు అవే పాటలు స్ట్రీమింగ్ యాప్‌ల్లోనూ వస్తున్నాయి. ఫ్యాన్స్ డబ్బు పెట్టేది పెట్టె అందం చూసి మాత్రమే కాదు. ఇంతవరకూ బయటికి రాని రికార్డింగ్ ఎంత ఉందన్నదే లెక్క. పాత మిక్స్‌నే శుభ్రం చేసి ఇస్తే అది రీమాస్టర్. మన దగ్గర పాత సినిమాలకు 4కే చేసి మళ్లీ విడుదల చేస్తున్నారు కదా, దాదాపు అలాంటిదే. ఒక్కో వాయిద్యం ట్రాక్‌ని విడిగా తీసుకుని, హెచ్చుతగ్గులు మళ్లీ సరిచూసి కలిపితే అది కొత్త మిక్స్. అదే పాటను అదే రోజుల్లో వేరేగా వాయించిన రికార్డింగ్ అయితే ఆల్టర్నేట్ టేక్. నిజంగా కొత్తగా వినేది ఈ మూడోదాన్నే. ట్రాక్ లిస్ట్‌లో ‘అన్‌రిలీజ్డ్’ అన్న మాట కనిపించినా.. అది కొత్త టేకా, ఉన్నదానికే కొత్త మిక్సా అని ఆరా తీయడం అందుకే.

టాక్సీలో మర్చిపోయిన టేపు

ఆ రోజుల్లో రికార్డింగ్ అంతా టేపు మీదే. టేపు పోతే పాట పోయినట్టే. ఆక్సిస్ ఆల్బమ్ మొదటి సైడ్ మాస్టర్ టేపును హెండ్రిక్స్ లండన్‌లో ఓ టాక్సీలో మర్చిపోయారు. అది మళ్లీ దొరకలేదు. దాంతో హెండ్రిక్స్, నిర్మాత చాస్ చాండ్లర్, ఇంజినీర్ ఎడ్డీ క్రేమర్ కూర్చుని చాలా పాటల్ని ఒక్క రాత్రిలో మళ్లీ మిక్స్ చేశారు. ‘ఇఫ్ సిక్స్ వాజ్ నైన్’ మాత్రం ఎంతకీ మునుపటిలా కుదరలేదు. చివరికి బేస్ వాయించే నోయల్ రెడింగ్ దగ్గర ఆ మిక్స్ కాపీ దొరికింది. ముడతలు పడిన ఆ టేపును ఇస్త్రీ చేసి మరీ వాడారని చెబుతారు. మనం ఇప్పటికీ ఆల్బమ్‌లో వింటున్నది అదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. అప్పట్లో లండన్ స్టూడియోల్లో ఉన్నవి నాలుగు ట్రాకుల మెషిన్లు. నాలుగూ నిండిపోతే వాటిని ఒకటి రెండు ట్రాకుల్లోకి కుదించి, మిగిలిన చోట కొత్తగా రికార్డు చేసేవాళ్లు. ఒకసారి అలా కలిపేశాక విడదీయడం అప్పట్లో కుదిరే పని కాదు. తర్వాత న్యూయార్క్‌లో 12, 16 ట్రాకుల మెషిన్లు వచ్చాయి. ఒక్కో వాయిద్యం విడివిడిగా నిలిచింది. మంచిదే. కానీ.. ఇష్టం లేని వాయిద్యాన్ని తీసేసి, ఆ చోట వేరేవాళ్లతో వాయించే వీలూ అప్పుడే దొరికింది.

నమ్మకం దెబ్బతిన్నది 1975లో

సరిగ్గా అదే జరిగింది. హెండ్రిక్స్ టేపుల బాధ్యత తీసుకున్న నిర్మాత అలన్ డగ్లస్ 1975లో క్రాష్ ల్యాండింగ్ అనే ఆల్బమ్ తెచ్చారు. హెండ్రిక్స్ గిటార్, గొంతు ఉంచి.. తోటి సంగీతకారులు వాయించిన భాగాలు చాలా చోట్ల తీసేసి సెషన్ మ్యుజీషియన్లతో కొత్తగా వాయించారు. కొన్ని పాటలకు సహ రచయితగా డగ్లస్ తన పేరూ వేసుకున్నారు. ఆ ఆల్బమ్ అమెరికాలో టాప్ 5లోకి వెళ్లింది! అమ్మకాలు బాగానే ఉన్నా, అసలు అభిమానుల కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు. ట్రాక్ లిస్ట్‌తో పాటు డ్రమ్స్ ఎవరు, బేస్ ఎవరు, ఏ తేదీన, ఏ స్టూడియోలో అని వివరాలు వెతికే అలవాటుకు ఇదే పెద్ద కారణం.

హెండ్రిక్స్ వీలునామా రాయలేదు. వారసత్వం తండ్రి అల్ హెండ్రిక్స్‌కు వచ్చినా, సంగీత హక్కులు చేతులు మారిపోయాయి. మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ ఆర్థిక సాయంతో అల్ కోర్టుకెక్కారు. 1995లో హక్కులు మళ్లీ కుటుంబానికి దక్కాయి. అప్పుడే ఎక్స్‌పీరియెన్స్ హెండ్రిక్స్ అనే కంపెనీ మొదలైంది. అల్ దత్తపుత్రిక జేనీ హెండ్రిక్స్, ఎడ్డీ క్రేమర్, జాన్ మెక్‌డెర్మాట్ కలిసి ఆర్కైవ్ విడుదలలు చూస్తూ వచ్చారు. హెండ్రిక్స్‌తో పక్కన కూర్చుని రికార్డు చేసిన మనిషే మిక్సింగ్ బోర్డు దగ్గర ఉండటం ఫ్యాన్స్‌కు పెద్ద ఊరట.

అలాగని వీళ్ల విడుదలలు మచ్చలేనివేం కాదు. 2010 నాటి వ్యాలీస్ ఆఫ్ నెప్ట్యూన్‌లో కొన్ని ట్రాకులకు 1987లో కొత్తగా వాయించిన బేస్, డ్రమ్స్ ఉన్నాయి. వాయించింది సొంత బ్యాండ్ సభ్యులు నోయల్ రెడింగ్, మిచ్ మిచెలే కావొచ్చు. కానీ అప్పటికి హెండ్రిక్స్ చనిపోయి 17 ఏళ్లు! డగ్లస్‌ని తిట్టి దీన్ని ఎలా ఒప్పుకోవాలన్న ప్రశ్నలో న్యాయం లేకపోలేదు.

ఎదురుచూపులు ఫలించిన సందర్భాలు

బ్యాండ్ ఆఫ్ జిప్సీస్ కథే తీసుకోండి. పేరు రాకముందు, 1965లో హెండ్రిక్స్ ఎడ్ చాల్పిన్ అనే నిర్మాతతో ఒక్క డాలర్, 1 శాతం రాయల్టీకి కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టారు. పేరొచ్చాక అది మెడకు చుట్టుకుంది. ఆ గొడవ తీర్చుకోవడానికి ఇచ్చిన ఆల్బమే ఇది. 1969 డిసెంబర్ 31, 1970 జనవరి 1 తేదీల్లో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్‌లో జరిగిన నాలుగు షోల నుంచి తీసుకున్నది ఆరు పాటలే. మిగతా సంగీతం ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. 2019లో సాంగ్స్ ఫర్ గ్రూవీ చిల్డ్రన్ పేరుతో 5 సీడీల్లో 43 ట్రాకులు వచ్చాకే, ఆ నాలుగు షోలు ఎలా సాగాయన్నది వరుసగా వినడం సాధ్యమైంది. బిల్లీ కాక్స్ బేస్, బడ్డీ మైల్స్ డ్రమ్స్‌తో ‘మెషిన్ గన్’ ఒక షో నుంచి మరో షోకి ఎలా మారిందో పోల్చుకోవచ్చు. ఆర్కైవ్ సెట్లలో మొదట వినాల్సింది ఇదే అనొచ్చు.

రెండోది 2024 అక్టోబర్‌లో వచ్చిన ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోస్ సెట్. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో హెండ్రిక్స్ కట్టించుకున్న సొంత స్టూడియో అది. 1970 ఆగస్టు 26న ప్రారంభోత్సవం జరిగింది. ఆ వెంటనే యూరప్ షోలకు వెళ్లిన ఆయన మళ్లీ తిరిగి రాలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ చేసిన పని ఇందులో 39 ట్రాకులుగా ఉంది, వాటిలో 38 అంతకుముందు రానివే. 2025లో ఆక్సిస్ సెషన్ల సెట్ కూడా వచ్చింది.

ఇంకా మిగిలిందేంటి?

లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో 1969 ఫిబ్రవరి 24న జరిగిన కచేరీని సినిమాగా తీశారు. హక్కుల గొడవల్లో పడి అది దశాబ్దాల పాటు ఫ్యాన్స్‌ను ఊరిస్తూనే ఉంది.

అంతకంటే ఎక్కువ ఆసక్తి ఉన్నది బ్లాక్ గోల్డ్ మీద. 1970లో హెండ్రిక్స్ ఒంటరిగా గిటార్ పట్టుకుని పాడుకుంటూ మామూలు క్యాసెట్ల మీద రికార్డు చేసుకున్న పాటలవి. ఆ క్యాసెట్లు డ్రమ్మర్ మిచ్ మిచెల్ చేతికిచ్చారు. రెండు దశాబ్దాలకు పైగా అవి ఆయన ఇంట్లోనే ఉండిపోయాయి. పోయాయనే అంతా అనుకున్నారు. మిచెల్ 2008లో మరణించారు. 2010లో వచ్చిన వెస్ట్ కోస్ట్ సియాటెల్ బాయ్ బాక్స్ సెట్ చివర్లో ఆ క్యాసెట్ల నుంచి ‘సడన్లీ నవంబర్ మార్నింగ్’ అనే ఒక్క పాట వినిపించారు. ఇందులో మిక్స్ చేయడానికి, వాయిద్యం మార్చడానికి ఏమీ లేదు. ఒక గొంతు, ఒక గిటార్ అంతే. కొత్త సెట్ ప్రకటన వచ్చిన ప్రతిసారీ ఫ్యాన్స్ ట్రాక్ లిస్ట్‌లో ముందుగా వెతికే పేర్లలో ఇదొకటి.