వడ్డీకి పోయిన ల్యాంకో

ఫిల్మ్‌నగర్ గుట్ట మీంచి పడమటికి చూస్తే మణికొండ దిక్కున ల్యాంకో హిల్స్ టవర్లు కనిపిస్తాయి. వందకు పైగా అంతస్తులతో కడతామన్న సిగ్నేచర్ టవర్ మాత్రం వాటి మధ్య లేదు.

2006 నవంబరులో ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ పబ్లిక్ ఇష్యూకి వచ్చినప్పుడు షేరు 240 రూపాయలు. లగడపాటి సోదరుల కంపెనీ, మనవాళ్లదే కదా అని కొన్నవాళ్లు ఎందరో. కొండపల్లి, అన్పర, ఉడుపి కరెంటు ప్లాంట్లు, 2011లో ఆస్ట్రేలియాలో గ్రిఫిన్ బొగ్గు గనులు. వీటిలో సింహభాగం అప్పు సొమ్మే.

అప్పంటే ఏమిటో జూబ్లీహిల్స్‌లో ఏ నిర్మాతనడిగినా చెబుతాడు. సినిమా పూర్తయినా సరే, విడుదల ముందు రాత్రి ఫైనాన్షియర్ ఊ అంటేగానీ ల్యాబ్ నుంచి ప్రింటు కదిలేది కాదు. డేటు వాయిదా పడ్డకొద్దీ వడ్డీ మీద వడ్డీ. ల్యాంకోది కూడా అలా డేటు దొరకని సినిమాయే. కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ అడుగంటింది. కొండపల్లిలో కొత్త యూనిట్ సిద్ధంగా ఉంది, మండించడానికి ఇంధనం లేదు. మీటరు తిరగలేదు, వడ్డీ ఆగలేదు.

ఆ స్థితిలో 2013 మే 22 వచ్చింది. బాండ్ల కొనుగోళ్లు తగ్గిస్తామని అమెరికా ఫెడ్ చైర్మన్ బెర్నాంకీ సూచనగా అన్నాడు, అంతే. మే మొదట్లో 1.6 శాతం దగ్గరున్న అక్కడి పదేళ్ల బాండు రాబడి సెప్టెంబరుకి 3 శాతానికి చేరింది. పూచీ ఉన్న చోటే అంత వస్తుంటే ఇక్కడి రిస్కు ఎందుకని విదేశీ ఫండ్లు సర్దుకున్నాయి. ఆగస్టు 16న సెన్సెక్స్ 769 పాయింట్లు పడింది. 28న డాలరు 68 రూపాయలు దాటింది. మన బాండు రాబడీ 9 శాతం పైకెక్కింది. డాలర్లలో తెచ్చిన బాకీ నిద్రలోనే బరువెక్కింది.

నేరమంతా బెర్నాంకీదని నేననను. గ్యాస్ వచ్చి ఉంటే, గనులకు ఎగబడకుండా ఉంటే, ల్యాంకో ఆ గాలివాన తట్టుకునేదేమో. 2013 డిసెంబరుకి అప్పుల పునర్వ్యవస్థీకరణ కోసం బ్యాంకుల ముందు నిలబడింది. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో ఆ సోదరుల్లో ఒకరైన లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టారు. జనానికి గుర్తున్నది అదే. అదే ఏడాది ఆగస్టులో ఉడుపి ప్లాంటును అదానీకి అమ్మేందుకు ఒప్పందం కుదిరిన సంగతి బిజినెస్ పేజీలు తిప్పేవాళ్లకే తెలుసు.

2017 జూన్‌లో రిజర్వుబ్యాంకు దివాలాకు పంపమన్న పన్నెండు పెద్ద ఖాతాల్లో ల్యాంకో ఒకటి. 2018 ఆగస్టు 27న హైదరాబాద్ ట్రైబ్యునల్ లిక్విడేషన్‌కి ఆదేశించింది. అప్పటికి షేరు రూపాయి కూడా లేదు. మధ్యలో షేరును పదిగా చీల్చారు గనుక ఇష్యూ ధర 24 అనుకున్నా, మిగిలింది చిల్లరే.

ఇక ఆ టవర్ల కింది నేల మీద నడిచిన వివాదంలో, ల్యాంకో హిల్స్ స్థలం సహా మణికొండ భూములు వక్ఫ్‌వి కావు, ప్రభుత్వానివేనని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చింది. కంపెనీ లిక్విడేషన్‌కి వెళ్లి అప్పటికే మూడేళ్లు దాటింది.