అమెరికా ప్రయాణమా..? సూట్‌కేసులో ఆవకాయ ఓకే.. కరివేపాకు మాత్రం వద్దు! ఎందుకో తెలుసా?

కూతురి పురుడు కోసం అమెరికా వెళ్లే అమ్మానాన్నలైనా, ఆగస్టులో చదువుకు బయల్దేరే పిల్లలైనా.. లగేజీలో సగం బరువు తిండిదే. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, కరివేపాకు.. ఏదీ వదలబుద్ధి కాదు. అయితే ఇందులో ఏది గేటు దాటుతుందో, ఏది చెత్తబుట్టలోకి పోతుందో ముందే తెలుసుకోకపోతే జేబుకు చిల్లే.

అసలు విషయం ఒక్కటే. అమెరికాకు తిండి తీసుకెళ్లడం తప్పు కాదు, తీసుకెళ్లి చెప్పకపోవడమే తప్పు. కస్టమ్స్ అధికారి అడిగినప్పుడు 'ఫుడ్ ఉంది' అని చెబితే, అనుమతి లేని వస్తువు ఉన్నా తీసి పారేస్తారు.. అంతే, జరిమానా ఉండదు. దాచిపెట్టి దొరికితే మాత్రం మొదటిసారికే వెయ్యి డాలర్ల దాకా పెనాల్టీ వేయొచ్చు. గ్లోబల్ ఎంట్రీ ఉన్నవాళ్లకు అది రద్దయ్యే ప్రమాదమూ ఉంది.

ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లు కంగారులో 'నో.. నో' అనేస్తుంటారు. అందుకే ఏమేం పెట్టారో ఒక కాగితంపై ఇంగ్లిష్‌లో రాసి పాస్‌పోర్టులో ఉంచండి. చూపిస్తే చాలు.

చెప్పకపోతే ఎలా తెలుస్తుందిలే అనుకోవద్దు. 1984 నుంచి అక్కడ బీగిల్ కుక్కలతో తనిఖీ చేయిస్తున్నారు. లగేజీ బెల్టు దగ్గర తిరుగుతూ పండో, మాంసమో వాసన తగిలితే ఆ బ్యాగు పక్కనే కూర్చుండిపోతాయి.

ఇక కరివేపాకు సంగతి. ఒక్క రెబ్బకి ఇంత గొడవేంటి అనిపిస్తుంది కదా! ఇది నిమ్మ కుటుంబానికి చెందిన మొక్క. నిమ్మ, నారింజ తోటలకు గ్రీనింగ్ తెగులు అంటించే చిన్న పురుగు దీనిపైనా బతుకుతుంది. ఫ్లోరిడా నారింజ తోటలను దెబ్బతీసింది ఈ తెగులే. అందుకే తాజా ఆకు అస్సలు వద్దు.

బియ్యం కూడా అంతే. మన దేశంలో ఉండే ఖప్రా అనే పురుగు గింజల్లో చేరితే వదిలించడం మహా కష్టం. అందుకే ప్రయాణికుల లగేజీలో మన బియ్యాన్ని రానివ్వరు. అక్కడి ఇండియన్ స్టోర్లలో సోనా మసూరి దొరుకుతూనే ఉంది, ఈ మోత ఎందుకు!

మామిడిపండ్లూ అక్కడ అమ్ముతున్నారు కదా అంటారా? అవి రేడియేషన్ ట్రీట్‌మెంట్ చేసి పంపేవి. 2007 నుంచి ఆ పద్ధతిలోనే అనుమతి ఇస్తున్నారు. మీ బ్యాగులోని బంగినపల్లికి ఆ ట్రీట్‌మెంట్ ఉండదు. పెరట్లో వేసుకుందామని గోంగూర, చిక్కుడు విత్తనాలు మూటగట్టినా పర్మిట్, సర్టిఫికెట్ అడుగుతారు.

చికెన్, మటన్ పచ్చళ్లు వద్దు. సొంత వాడకానికి రొయ్యలు, చేపలు కొద్దిగా తీసుకెళ్లొచ్చు. ఆవకాయ లాంటి వెజ్ పచ్చళ్లను సాధారణంగా ఆపరు. కానీ ఏదైనా చివరి మాట అక్కడి అధికారిదే. పచ్చళ్లు చెకిన్ బ్యాగులోనే పెట్టండి, క్యాబిన్‌లో 100 మిల్లీలీటర్ల రూల్ ఉంది. క్యాబిన్ బ్యాగులో పొడి 350 మిల్లీలీటర్లు దాటితే అదనంగా తనిఖీ చేస్తారు.

యూరప్, బ్రిటన్ వెళ్లేవాళ్లు మాంసంతో పాటు నెయ్యి, కోవా కూడా ఇంట్లోనే వదిలేయాలి.

గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్త. మన మసాలాల్లో పడే గసగసాలు నల్లమందు మొక్క గింజలే. యూఏఈలో, సింగపూర్‌లో వీటిపై నిషేధం ఉంది. అక్కడ ఇది తిండి కేసు కాదు, డ్రగ్స్ కేసు. ఇంట్లో పట్టించిన గరం మసాలా అయితే అందులో గసగసాలు వేశారో లేదో అడిగి మరీ సర్దుకోండి.

అన్నట్టు, విమానంలో ఇచ్చిన యాపిల్‌ని తర్వాత తిందామని బ్యాగులో వేసుకున్నారా? దానికీ ఇదే రూల్. దిగేలోపు తినేయండి, లేదా సీటు దగ్గరే వదిలేయండి.