శస్త్రం తరువాతి దినాలు: పునర్నిర్మాణ శస్త్రచికిత్స చరిత్రలో భార్యాభర్తల శుశ్రూష

పునర్నిర్మాణ శస్త్రచికిత్స చరిత్రకారులు మన దేశానికి సంబంధించి తప్పక పేర్కొనే పత్రం ఒకటుంది. అది 1794 అక్టోబరులో లండన్‌లోని 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్' ప్రచురించిన లేఖ. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఆంగ్ల సైన్యానికి ఎడ్లు తోలిన కవాస్‌జీ అనే మరాఠా టిప్పు సుల్తానుకు బందీగా చిక్కి ముక్కునూ ఒక చేతినీ పోగొట్టుకున్నాడు. సుమారు ఏడాది తరువాత పుణె సమీపంలో ఇటుకలు చేసే కులానికి చెందిన వైద్యుడొకడు నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి కొత్త ముక్కును అమర్చాడు. లేఖకుడు కత్తి నడకతో పాటు తరువాతి దినాలనూ లెక్కించాడు: 5, 6 రోజులు వెల్లకిలా పడుకోవాలి, 10వ రోజున నాసారంధ్రాలలో మెత్తని గుడ్డముక్కలు పెట్టాలి, సుమారు 25వ రోజున నుదుటితో కలిసి ఉన్న చర్మబంధాన్ని కోయాలి. కదలకుండా పడుకున్న ఆ ఒంటిచేతి మనిషికి గంజి తాగించిన వారి ప్రస్తావన మాత్రం లేఖలో లేదు.

వైద్య పత్రాలు వదిలివేసిన ఈ వ్యక్తిని పురాణం వదలలేదు. తిక్కన శిష్యుడైన మారన మార్కండేయ పురాణాన్ని తెనిగించి, ఓరుగల్లు ప్రతాపరుద్రుని సేనాని గన్నయకు అంకితమిచ్చాడు. కుష్ఠురోగి కౌశికుని కథ ఈ పురాణంలోనిదే. తెలుగువారు సుమతిగా ఎరిగిన అతని ఇల్లాలు కాళ్ళకు నూనె పట్టించడం, స్నానం చేయించడం, అన్నం పెట్టడం, చీమూ నెత్తురూ కడగడం మూలంలో వరుసగా చెప్పబడ్డాయి. రోగిసేవను పని పనిగా విప్పి చెప్పిన ప్రాచీన సందర్భాలు అరుదు కనుక ఇది విలువైన ఆధారం. అయితే ఈ కథకు రెండు పరిమితులున్నాయి. శుశ్రూష భార్య వ్రతమే తప్ప భర్త ధర్మంగా కనబడదు. రోగిష్ఠి భార్యకు ముద్ద కలిపి పెట్టిన మగవానికి సుమతి వంటి పేరు మన సంప్రదాయంలో స్థిరపడలేదు. రెండవది, కౌశికుడు అనసూయ వరంతో ఒక్క క్షణంలో యువకుడై లేస్తాడు. రోగానికీ ఆరోగ్యానికీ నడుమ కోలుకునే కాలమన్నది కథలో లేదు.

ఇరవయ్యవ శతాబ్దపు శస్త్రచికిత్స ఆ నడిమి కాలాన్నే దీర్ఘం చేసింది. తెలుగు నేలకు పొరుగున ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ 1948లో కుష్ఠు వల్ల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స ఆరంభించాడు. చచ్చుబడిన కండరాల పనిని మరొక కండరపు టెండన్‌ను దారి మళ్ళించి చేయించడం ఈ విధానం. చేయి దాదాపు 3 వారాలు ప్లాస్టరులో ఉంటుంది. ఆపైన వేలు వేలుకూ కొత్త కదలికను మళ్ళీ నేర్పాలి. దానికి మరికొన్ని వారాల అభ్యాసం కావాలి. ఇంత చేసినా కదలిక వస్తుందే గాని స్పర్శ రాదు. వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అందువల్ల రోజూ అరచేతులూ అరికాళ్ళూ పరీక్షించుకోవాలి, నీళ్ళలో నానబెట్టి నూనె రాసుకోవాలి. రాత్రివేళ మొద్దుబారిన వేళ్ళను ఎలుకలు కొరుకుతున్నాయని గుర్తించి, ఇంటికి వెళ్ళే రోగులకు పిల్లులను ఇచ్చి పంపిన సంగతిని బ్రాండ్ స్వయంగా రాశాడు. ఆ ఇంట్లో ఉదయాన్నే వేళ్ళు పరీక్షించిన మనిషి కంటే పిల్లికే చరిత్రలో ఎక్కువ చోటు దక్కింది.

ఆ మనిషి అసలు ఇంట్లో ఉండడమే గొప్ప అనవలసిన పరిస్థితిని చట్టమూ కల్పించింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం నయం కాని, తీవ్రమైన కుష్ఠును విడాకులకు కారణంగా అంగీకరించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేయడంతో వ్యాధి నయమయ్యేదని స్థిరపడిన తరువాత కూడా ఆ మాట దశాబ్దాల పాటు చట్టంలో ఉండిపోయింది. 2019లో వ్యక్తిగత చట్టాల సవరణతో గాని తొలగలేదు. అంతకుముందటి మిషన్ ఆశ్రమాలలో స్త్రీపురుషులను వేరువేరుగా ఉంచడం సాధారణ నియమం. అంటే, విడిపోవడానికి ఏర్పాట్లున్నాయి. కలిసి ఉండాలనుకున్న దంపతులే తమ దారి తాము వెదుక్కోవలసి వచ్చింది.

వరంగల్ సమీపంలోని వడ్డేపల్లిలో పుట్టి వనపర్తి సంస్థానపు కోడలైన రాణి కుముదినీదేవి 1958లో హైదరాబాదు కూకట్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం శివానంద పునరావాస కేంద్రాన్ని నెలకొల్పారు. ఇటువంటి సంస్థల చరిత్ర స్థాపకుల పేరిట, వైద్యుల పేరిట నిలుస్తుంది. తరువాతి అధ్యాయం పల్లెలలో జరిగింది. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉన్న రఘునాథపల్లి సికింద్రాబాదు–కాజీపేట రైలుమార్గంలో జనగామ దాటాక వస్తుంది. నాటు వేయడానికీ కలుపు తీయడానికీ వేళ్ళే ఆధారమైన ఇటువంటి ఊళ్ళలో ఒకరి చేయి ప్లాస్టరులో ఉంటే మరొకరి కూలీ కూడా ఆగిపోతుంది. జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవారికి ఇచ్చే పరిహారం రోగి నష్టపోయిన కూలీని ఉద్దేశించినది. తోడున్నవారి పనిదినాలకు మరెక్కడైనా లెక్క దొరకాలంటే మౌఖిక చరిత్రనే ఆశ్రయించాలి. జనం 'పెద్దరోగం' అని గొంతు తగ్గించి పలికే ఊళ్ళలో అది సులువైన పని కాదు. రోగం గురించి కాక, కట్టు ఉన్న ఆ 3 వారాలు ముద్ద ఎవరు కలిపి పెట్టారన్న ప్రశ్నతో ఆ సేకరణను మొదలుపెట్టవచ్చు.