గొంగడి: దక్కను నేల నేసుకున్న చలికోటు

హైదరాబాద్‌లో చలి పెద్దగా ఉండదని అనుకుంటాం. కానీ 1946 జనవరి 8న ఇక్కడ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు పడిపోయింది. నగరపు రికార్డుల్లో అంతకన్నా చల్లటి రోజు లేదు. మేడల్లో ఉన్నవాళ్లు ఆ రాత్రి తలుపులు బిగించుకుని ఉంటారు. ఊరి బయట చేలల్లో మంద పక్కన పడుకునే గొర్రెల కాపరికి తలుపూ లేదు, గోడా లేదు. ఉన్నదల్లా ఒంటిమీది నల్లటి గొంగడి. పాతకాలపు మొరటు చలికోట్ల మీద ఇవాళ యువతకు ఎంతో మోజు. అలాంటిదే ఒకటి మన నేల మీద ఏనాడో తయారైంది.

ఈ ప్రాంతానికి గొర్రెల సంపద కొత్తది కాదు. పదమూడో శతాబ్దం చివర కాకతీయ రాజ్యం గురించి రాసిన మార్కో పోలో, ఇక్కడి సన్నని వస్త్రాలతో పాటు గొర్రెలనూ మెచ్చుకున్నాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద గొర్రెలు ఇక్కడివేనన్నాడు. సన్నని వస్త్రాలు ఓడలెక్కి దేశాలు దాటాయి. ముతక ఉన్ని మాత్రం కాపరుల చేతుల్లోనే ఉండిపోయింది.

గొంగడికి మూలం దక్కనీ గొర్రె. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల మెట్టభూముల్లో బతికే ఈ జాతి ఉన్ని చాలావరకు నలుపు. అందుకే రంగు అద్దే పనిలేదు. గొర్రెలు కాసే కురుమలు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. దాన్ని శుభ్రం చేసి ఏకుతారు. నూలు వడకడం ఎక్కువగా ఆడవాళ్ల పని. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద నేస్తారు. ఉన్ని పోగుల మధ్య చిక్కుకున్న గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమను పీల్చుకున్నా ఒంటికి తడి తెలియదు. అందుకే ఒకే గొంగడి చలిలో కోటు, వానలో ముసుగు, రాత్రి పడక. దాని గరుకుదనాన్ని లోపమనుకోకూడదు. ఏళ్ల తరబడి మన్నేది ఆ గరుకు పోగు వల్లే.

గొంగడికి దక్కిన చోటు తెలియాలంటే పాత నగరపు గోడ దగ్గరికి వెళ్లాలి. 1724లో సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టిన హైదరాబాద్ ప్రాకారం 1740 ప్రాంతంలో, నిజాముల్‌ముల్క్ కాలంలో పూర్తయింది. దక్షిణం వైపున్న ద్వారాల్లో లాల్‌దర్వాజా ఒకటి. ఆ ద్వారం ఇప్పుడు లేదు, పేరు మాత్రం బస్తీకి మిగిలింది. ఆసఫ్ జాహీ నిజాముల కాలంలో గోడ లోపలి దర్బారులో, కచ్చేరీల్లో మెడదాకా గుండీలు పెట్టిన షేర్వానీ హోదాకు గుర్తు. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్యార్థులూ దాన్నే తొడిగారు. గోడ బయటి పల్లెల్లో గొల్లకురుమల భుజాన గొంగడి ఉండేది. చరిత్ర పుస్తకాలు షేర్వానీకి చోటిచ్చినంతగా గొంగడికి ఇవ్వలేదు. అయినా ఆషాఢ బోనాలకు లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి గుడి ముందు మోగే ఒగ్గుడోలు ఆ గొల్లకురుమల సంప్రదాయం నుంచి వచ్చిందే. మల్లన్న, బీరప్పల కథలు పాడే ఆ ఒగ్గు కళ నగరం నడిబొడ్డుకు చేరింది.

ఆ చలి రాత్రి గడిచిన ఆరు నెలలకు, 1946 జూలై 4న, కడవెండి ఊళ్లో దొడ్డి కొమరయ్య భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు బలయ్యాడు. ఆయన కురుమ బిడ్డ. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో తొలి అమరుడిగా ప్రజలు ఆయన్ను తలుచుకుంటారు. తర్వాతి కాలంలో జననాట్యమండలి వేదికల మీద ప్రజా గాయకుడు గద్దర్ గొంగడి భుజాన వేసుకుని ఆడిపాడాడు. కాపరి బట్ట అలా ధిక్కారానికి గుర్తయింది.

విచారం ఏమిటంటే, గుర్తుగా ఎదిగిన గొంగడి వస్తువుగా క్షీణించింది. మాంసానికి గిరాకీ పెరిగేకొద్దీ ఉన్ని రాని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లో నిండాయి. తెలంగాణ ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన పథకం కింద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీతో పంచారు. ఆదాయం కోణంలో అది కాపరులకు ఆసరా. కానీ అందులో ఉన్నికి చోటు దక్కలేదు. దక్కనీ గొర్రె తగ్గితే వడికే చేతికి, నేసే మగ్గానికి పని ఉండదు.

ఇతర దేశాల అనుభవం వేరే దారి చూపుతుంది. బెల్జియంలోని డఫెల్ పట్టణం పేరు మోసే ముతక ఉన్ని కోటును బ్రిటిష్ నౌకాదళం తొడిగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగిలిన కోట్లను చవగ్గా అమ్మితే విద్యార్థులు ఎగబడి కొన్నారు. స్కాట్లాండ్ దీవుల్లో ఇళ్లలోనే నేసే హారిస్ ట్వీడ్‌కు బ్రిటిష్ పార్లమెంటు 1993లో ప్రత్యేక చట్టంతో రక్షణ ఇచ్చింది. గరుకు ఉన్ని నాగరికం కాదన్న భావన అక్కడ చెల్లలేదు.

హైదరాబాద్‌లో గొంగడి గుడ్డతో రైతులకు బూట్లు చేస్తున్న ఎర్తెన్ ట్యూన్స్ లాంటి ప్రయత్నాలు ఆశ కలిగిస్తున్నాయి. కానీ బట్ట ఒక్కటే బతకదు. గొర్రె జాతిని కాపాడాలి, మేత భూములు మిగలాలి, నూలు వడికే ఆడవాళ్లకు కూలి గిట్టాలి. అసలైన గొంగడికి చట్టపు గుర్తింపు ఉండాలి. పాత కోటు మీద మన మోజు నిజమైనదే అయితే, దాన్ని చేసే మనిషికి న్యాయమైన ధర చెల్లించడంతో మొదలవ్వాలి.