వంటామె మాట

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి తగలబడి 94 మంది పిల్లలు చనిపోయారు. సరిగ్గా తొమ్మిదేళ్లకు, 2013లో అదే తేదీన, బీహార్ సారణ్ జిల్లా గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పోయారు. తేదీలు కలవడం కాకతాళీయమే. సన్నద్ధత పేరిట మనం చేసిన పని మాత్రం రెండుచోట్లా ఒకలాంటిదే: కారణమైన వస్తువును వెతికి పట్టుకుని, దానిమీద నిబంధన రాశాం. కుంభకోణంలో వంటశాల నిప్పు ఆకుల కప్పుకు అంటుకుంది. పైఅంతస్తు తరగతుల పిల్లలకు దిగే దారి ఇరుకు. తమిళనాడు బడుల్లో ఆకుల కప్పులు తీయించారు. 2009 ఏప్రిల్‌లో అవినాశ్ మెహ్రోత్రా కేసులో సుప్రీంకోర్టు, చదువుకునే హక్కులో సురక్షితమైన బడి కూడా భాగమేనంది. మంటలార్పే పరికరాలు, ప్రథమ చికిత్స పెట్టెలు, ఉపాధ్యాయులకు శిక్షణ ఉండాలంది. మంచి తీర్పు. కానీ పరికరాన్ని తనిఖీకి వచ్చినవారు లెక్కపెట్టగలరు, శిక్షణ పొందిన చేతిని ఎలా లెక్కపెడతారు? అమలులో ముందు నిలిచేది గోడకు తగిలించిన ఎర్ర సిలిండరే.

గండామన్ ఇదే సంగతిని ఇంకా సూటిగా చెబుతుంది. పిల్లలకు వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయుడితో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలని 2006 నాటి మార్గదర్శకాల్లోనే ఉంది. ఆనాటి కూర నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్టు ప్రయోగశాల పరీక్షలో తేలింది. నూనె తేడాగా ఉందని వంటామె ప్రధానోపాధ్యాయురాలికి చెప్పిందనీ, అయినా వంట ఆగలేదనీ అప్పటి వార్తలు. ఆ వంటామె కూడా అదే తిండి తిని ఆసుపత్రి పాలైంది. అంటే ప్రమాదాన్ని పసిగట్టిన మనిషి అక్కడే ఉంది, పొయ్యి ఆపే అధికారం మాత్రం ఆమెకు లేదు. సన్నద్ధత అనే మాటలో మనం మరిచిపోయే సగం ఇదే.

పైకప్పు కారే అంగన్‌వాడీలో, తూకం, రిజిస్టరు, సర్వే అన్నీ ఒక్క టీచరు నెత్తిన ఉన్నచోట, ఇంకా శిక్షణేమిటని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. 1975 అక్టోబర్ 2న మొదలైన అంగన్‌వాడీ పథకంలో కార్యకర్తకు మందుల పెట్టె వచ్చినంత సులువుగా జీతం పెరగలేదు, తోడు రాలేదు. అయితే నేర్పడం ఖరీదైన పని అనుకోవడం పొరపాటు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా ముదిరి సెలైన్ అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను పీపాల్లో పెట్టించారు. రోగుల బంధువులే పట్టి తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు ఆయన పర్యవేక్షణలో 3.6కు దిగాయి. తాగించినవారు నర్సులు కారు, తల్లులూ అన్నదమ్ములూ. ఏం చేయాలో చెప్పారు, చేయడానికి చేతికి గిన్నె ఇచ్చారు, అంతే.

ఇలాంటి పని మంటకూ విషానికీ ఎందుకు జరగలేదంటే, బహుశా బనగావ్‌లో మనుషుల్ని నమ్మక తప్పలేదు కాబట్టి. బడిలో మాత్రం మనం నిబంధనను నమ్మి, ఆయమ్మనూ వంటామెనూ పనిముట్ల జాబితాలో చేర్చాం. సర్క్యులర్ వారికి చదివి వినిపించే ఏర్పాటు ఉంటుంది. అనుమానం వస్తే ఎవరినీ అడగకుండా వంట ఆపవచ్చనీ, పొరపాటైనా ఉద్యోగం పోదనీ రాసిచ్చిన వాక్యం ఒకటి ఉంటే, గండామన్‌లో ఆ మధ్యాహ్నం నూనె గిన్నె పొయ్యి మీదికి చేరేది కాదేమో.